గాలి రావాలి, దోమ రాకూడదు

అమెరికాలో వేసవి సెలవులకు ఆర్వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకున్నవాళ్లకూ, సొంతంగా ట్రెయిలర్ కొనుక్కున్నవాళ్లకూ మొదటి రాత్రే ఒక సంగతి అర్థమైపోతుంది. వంటగది బాగుంటుంది, సోఫా బాగుంటుంది, పడకగదిలోనే గాలాడదు. గదినిండా మంచమే. దానికి అటొకటి ఇటొకటి చిన్న కిటికీలు, తలమీద అల్మరాలు. కిటికీ రెక్కను పక్కకు జరిపితే సగమే తెరుచుకుంటుంది. ఆ సగానికీ దోమల మెష్ అడ్డం.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే మందులు రెండు రకాలు. ఏసీ వేసుకుని కిటికీలు మూసుకోండి, ఈ గొడవే ఉండదని ఒక వర్గం. ఆ కిటికీలు పనికిరావు, తీసేసి మంచివి పెట్టించుకోండి, మెష్ కూడా మార్చండి అని రెండో వర్గం.

ఏసీ వర్గాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. జులైలో హ్యూస్టన్ చుట్టుపక్కలో, ఫ్లోరిడా తీరంలోనో రాత్రి కిటికీ తెరిస్తే లోపలికొచ్చేది చల్లగాలి కాదు, ఆవిరి. మన కాకినాడలో మే నెల రాత్రి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అలాంటిచోట ఎంత గొప్ప కిటికీ పెట్టించినా దండగే. కానీ ఆర్వీ పైకప్పు మీది ఏసీకి 120 వోల్టుల కరెంటు కావాలి. మామూలుగా బండితో వచ్చే బ్యాటరీ దాన్ని మోయలేదు. నేషనల్ పార్కుల క్యాంపుగ్రౌండ్లలో చాలాచోట్ల కరెంటు కనెక్షనే ఉండదు. పోనీ జనరేటర్ వేద్దామంటే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదని నిబంధన. అదృష్టం ఏమిటంటే ఎల్లోస్టోన్‌లాంటి ఎత్తైన చోట్ల నడి వేసవిలో కూడా రాత్రికి దుప్పటి కావాలి. అక్కడ కిటికీ చాలు. అంటే తగువు సగం వరకు మనం బండి ఎటు తిప్పుతున్నామన్న దానిమీదే తేలిపోతుంది.

ఏసీ వాళ్లు పట్టించుకోనిది ఇంకొకటుంది, తేమ. ఇద్దరు మనుషులు రాత్రంతా పడుకుంటే శ్వాసలోంచి, చర్మంలోంచి అర లీటరు దాకా నీరు గదిలోకి చేరుతుంది. ప్రొపేన్ పొయ్యి వెలిగిస్తే అదింకా ఎక్కువ: కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. చలి రాత్రి ఆ ఆవిరంతా అల్యూమినియం ఫ్రేముల మీద నీటిబొట్లై కారి, పరుపు అంచున బూజు పట్టిస్తుంది. అందుకే వణికే చలిలోనూ కిటికీ వేలెడంత తెరిచే ఉంచాలి.

ఇక కిటికీలు మార్చే వర్గం. వాళ్లు చెప్పేదాంట్లో బలమైన మాట వాన గురించి. పక్కకు జరిగే కిటికీని వానొస్తే మూయాల్సిందే. పైన కీలుండి కింద నుంచి బయటికి తెరుచుకునే కిటికీ అయితే చూరులా పనిచేస్తుంది, వానలోనూ గాలి వస్తుంది. యూరప్ బండ్లలో వాడే రెండు పొరల అక్రిలిక్ కిటికీలు అలాంటివే. మెష్, ఎండకు అడ్డుతెర రెండూ ఫ్రేములోనే చుట్టుకుని ఉంటాయి, అద్దం మొత్తం తెరుచుకుంటుంది, చలికి చెమ్మ కూడా తక్కువ పడుతుంది. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ పాత కిటికీకీ కొత్తదానికీ కొలత కలవకపోతే గోడ కోయాలి. ఈ బండ్లను ఎక్కువగా పాడుచేసేది ఇంజిన్లూ టైర్లూ కాదు, గోడలోకి దిగే నీరు. చుట్టూ పెట్టిన సీలంట్ ఒకచోట వదిలినా లోపలి చెక్క మెత్తబడిపోతుంది, ఆ సంగతి బయటపడేసరికి ఆలస్యమవుతుంది. పైగా అక్రిలిక్ మీద గీతలు పడతాయి, తెరిచిన రెక్కను మరిచి బండి తీస్తే విరిగిపోతుంది. కాబట్టి గోడ కోయడం ఆఖరి పనిగానే పెట్టుకోవాలని నా అభిప్రాయం.

దానికి ముందు చేయాల్సింది పైకప్పు రంధ్రంలో ఉంది. అమెరికన్ ఆర్వీల్లో అది సాధారణంగా 14 అంగుళాల చదరం. అందులో ఇమిడే 12 వోల్టుల ఫ్యాన్లు నిమిషానికి 900 ఘనపుటడుగుల దాకా గాలి లాగుతాయని తయారీదారులు చెబుతారు. ఆ లెక్క ఎలా ఉన్నా, తక్కువ వేగంలో కూడా తేడా తెలుస్తుంది, బ్యాటరీకీ భారం కాదు. కిటుకు వేరేచోట ఉంది. ఫ్యాన్ వేసి కిటికీలన్నీ తెరిస్తే గాలి తనకు దగ్గరి దారినే వస్తుంది, మంచం దగ్గరికి చేరదు. వంటగది వైపు ఫ్యాన్‌ను గాలి బయటికి నెట్టేలా పెట్టి, మంచం పక్క కిటికీ ఒక్కటే తెరవాలి. అప్పుడు లోపలికొచ్చే గాలంతా మనిషి మీదుగానే పోతుంది. మిరపకాయల పోపు వేసినప్పుడు ఈ ఫ్యాన్ లేకపోతే పొగ అలారం మోగడం ఖాయం.

ఫ్యాన్‌కు వ్యతిరేకంగానూ ఒక మాట ఉంది. ఫ్యాన్ మంచిగాలినే ఎంచుకుని లాగదు. పక్కబండి జనరేటర్ పొగ, చలిమంట పొగ, రోడ్డు దుమ్ము అన్నీ లాగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందని చూసుకోకుండా రాత్రంతా ఫ్యాన్ వేసి పడుకోవడం తగదు.

మెష్ విషయంలో చాలామంది ఎంత సన్నదైతే అంత మంచిదనుకుంటారు. మామూలు ఫైబర్‌గ్లాస్ మెష్‌లో అంగుళానికి ఒకవైపు 18, రెండోవైపు 16 పోగులుంటాయి. కన్నం మిల్లీమీటరు పైచిలుకు. దోమకు అది చాలు. తీరప్రాంతాల్లో ‘నోసీయమ్’ అనే కుట్టే నుసుములు మాత్రం ఇందులోంచి దూరిపోతాయి, వాటికి సన్న మెష్ కావాల్సిందే. అయితే మామూలు మెష్‌లోనే ఖాళీ మూడింట రెండు వంతులు. సన్నదానిలో అది ఇంకా తగ్గుతుంది, దుమ్ము పడితే మరీనూ. గాలి మందంగా ఉన్న రాత్రే ఈ నష్టం బాగా తెలుస్తుంది, మనకు గాలి కావాల్సిందీ ఆ రాత్రే. ఫ్లోరిడా కోసం పెట్టిన సన్న మెష్‌ను నుసుములు లేని చోట్లకూ మోసుకు తిరగడం అనవసరం. ఫ్రేముకు మామూలు మెష్ ఉంచి, సన్నదాన్ని కిటికీ కొలతకు కత్తిరించి వెల్క్రోతో లోపలివైపు అతికిస్తే అవసరమైనచోట వేసుకోవచ్చు, లేనిచోట మడిచి పెట్టొచ్చు. మెష్ మీద డబ్బు పెట్టే ముందు రెక్క అంచున అరిగిపోయిన బ్రష్ పట్టీ, సింకు కింద పైపు దిగే కన్నం చూసుకోవాలి. చాలా దోమల దారి అదే.

ఒకచోట మాత్రం నాకు రెండు పక్షాలు లేవు. పడకగదిలో ఎర్ర పిడులున్న కిటికీ అగ్నిప్రమాదంలో బయటపడే దారి. ఆర్వీల భద్రతకు అమెరికాలో పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 1192 ప్రమాణం రెండో దారి ఉండాలంటుంది. దోమల కోసం దానికి మెష్‌ను మరలతో బిగించేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. అక్కడ ఏ మెష్ పెట్టినా దీపం ఆర్పి, చేత్తో తడుముతూ ఒక్క లాగుకు ఊడివస్తుందో లేదో చూడాలి. పిల్లల చేత కూడా లాగించి చూడాలి.