కంటిలో మెరుపు కనబడితే అత్యవసరమే

రెటీనా చిరుగును అత్యవసర జబ్బుగా ప్రభుత్వాలు గుర్తించాలి. దానికి అదే రోజు పరీక్ష, అవసరమైతే ఆ వెంటనే లేజర్ చికిత్స అందే ఏర్పాటు ప్రతి జిల్లా ఆస్పత్రిలోనూ ఉండాలి. ఈ జబ్బులో నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు; అందుకే రోగి తాత్సారం చేస్తాడు, వ్యవస్థ అతనికంటే ఎక్కువగా తాత్సారం చేస్తోంది. చిరుగు ముదిరి రెటీనా ఊడటం ఏటా సుమారు పది వేల మందిలో ఒకరికి జరిగేదే కదా అని తీసిపారేయడానికి లేదు. రెండు తెలుగు రాష్ట్రాల జనాభాకు ఆ లెక్క కడితే బాధితులు వేలల్లో తేలుతారు.

కంటిగోళం వెనుక భాగాన్ని లోపలివైపు కప్పి ఉండి, కాంతిని గ్రహించి మెదడుకు సంకేతాలు పంపే పలుచని పొరే రెటీనా. దాని ముందున్న చోటునంతా విట్రియస్ అనే జిగురు పదార్థం నింపుతుంది. అందులో దాదాపు 98 శాతం నీరే అయినా, సన్నని పోగులు దానికి ఒక ఆకారాన్ని ఇస్తాయి. వయసు పైబడే కొద్దీ ఆ జిగురు నీరుగా మారుతూ, కుంచించుకుపోయి, చివరకు రెటీనా నుంచి విడివడుతుంది. 50 ఏళ్లు దాటిన వారిలో తరచుగా జరిగే ఈ మార్పు చాలామందికి ఏ హానీ చేయదు. అయితే విట్రియస్ ఎక్కడైనా గట్టిగా అతుక్కుని ఉంటే, అది విడివడే సమయంలో అక్కడ రెటీనాను లాగి, గుర్రపునాడా ఆకారంలో చించుతుంది. గోడకు వేసిన సున్నం వెనక్కి చెమ్మ చేరి పొర ఉబికినట్లే, ఆ చిరుగు గుండా నీరు వెనక్కి పోయి రెటీనా ఊడివస్తుంది. కాంతిని గ్రహించే కణాలకు ప్రాణవాయువు అందేది వెనుకనున్న కోరాయిడ్ అనే రక్తనాళాల పొర నుంచే కనుక, దానికి దూరమైన కణాలు క్రమంగా నశిస్తాయి.

చిరుగే కారణమన్న ఈ సంగతి వైద్యానికి సులభంగా బోధపడలేదు. కంటి లోపలిని చూపే పరికరాన్ని హెల్మ్‌హోల్ట్జ్ 1851లో రూపొందించిన తర్వాత కూడా దశాబ్దాల పాటు చాలామంది వైద్యులు చిరుగును పెద్దగా పట్టించుకోకుండా, రోగిని నెలల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. దాదాపు అందరికీ చూపు పోయేది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌కు చెందిన జూల్ గోనాఁ అనే వైద్యుడు చిరుగే మూలమని పట్టుబట్టి, దాన్ని వెదికి వేడితో మూస్తే ఊడిన రెటీనా తిరిగి అతుక్కుంటుందని గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో నిరూపించాడు. చిరుగును మూసే ఆ పనినే నేటి లేజర్ కోత లేకుండా, చాలావరకు ఒకే పూటలో చేస్తుంది.

ముప్పు ఎవరికి ఎక్కువో కూడా తెలిసినదే. మైనస్ నంబరు ఎక్కువగా ఉన్నవారి కన్ను సాధారణం కంటే పొడవుగా ఉండటం వల్ల రెటీనా సాగి పలచబడుతుంది. లేజర్ శస్త్రచికిత్సతో కళ్లద్దాలు పోయినా ఆ పొడవు తగ్గదు గనుక ముప్పు పోదు. నంబరు తీయించుకుంటే కన్ను బాగుపడినట్లేనని నమ్మే యువతకు ఈ మాట ముందే చెప్పని వైద్యం అసంపూర్ణం. శుక్లం ఆపరేషన్ అయినవారికి, కంటికి గట్టి దెబ్బ తగిలినవారికి, రెటీనా అంచుల్లో లాటిస్ అనే పలచబడిన మచ్చలున్నవారికి, ఒక కన్ను ఇప్పటికే ఈ జబ్బుకు గురైనవారికి కూడా జాగ్రత్త అవసరం. మధుమేహంలో కొత్త పొరలు ఏర్పడి రెటీనాను లాగే తీరు వేరు. దానికి చికిత్సా వేరు.

చిరుగు చాలామందిలో హెచ్చరిక ఇచ్చే వస్తుంది. కంటి ఓరన మెరుపులు మెరుస్తాయి, ఉన్నట్టుండి నల్లని చుక్కలు, పోగులు తేలుతాయి. రెటీనా ఊడటం మొదలైతే చూపులో ఒక పక్క నీడ కమ్ముకుంటుంది. మెరుపులు, చుక్కలు ఉన్నట్టుండి మొదలై వచ్చినవారిలో దాదాపు పది మందిలో ఒకరికి చిరుగు ఉంటుంది. లక్షణాలున్న గుర్రపునాడా చిరుగును వదిలేస్తే సగం కేసుల్లో రెటీనా ఊడుతుంది, సకాలంలో లేజర్ చేస్తే ఆ ముప్పు ఐదు శాతం లోపుకు దిగుతుంది. ఇంత తేడా చూపే చికిత్స చేతిలో ఉండగా, రోగికి చుక్కల మందు రాసో, కళ్లద్దాల దుకాణానికి పంపో ఇంటికి తిప్పి పంపడం క్షమించరాని నిర్లక్ష్యం. చూపుకు కేంద్రమైన మాక్యులా ఊడకముందే శస్త్రచికిత్స జరిగితే చదివే చూపు చాలావరకు నిలుస్తుంది, ఊడాక ఆ భరోసా ఉండదు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు అనే కంటి పరీక్షల కార్యక్రమాలు లక్షలమందికి కళ్లద్దాలు ఇచ్చాయి. అది గొప్ప మేలే. అయితే నంబరు కొలవడంతో రెటీనా అంచులు కనబడవు. పాప విప్పారే మందు వేసి, తలకు కట్టుకునే దీపంతో వెదికితేనే చిరుగు దొరుకుతుంది. ఇకపై ఏ శిబిరంలోనైనా మైనస్ ఆరు దాటిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయించాలి. కళ్లద్దాల చీటీ మీద, శుక్లం ఆపరేషన్ డిశ్చార్జి కాగితం మీద మెరుపులు, చుక్కలు, నీడ అనే మూడు లక్షణాలను తెలుగులో ముద్రించడానికి చట్టం గాని నిధులు గాని అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. జిల్లా ఆస్పత్రుల్లో లేజర్ యంత్రం, దాన్ని వాడగల వైద్యుడు, రోగిని అదే రోజు పెద్దాస్పత్రికి చేర్చే వాహనం మాత్రం నిధులతోనే సమకూరుతాయి. వచ్చే బడ్జెట్‌లో రెండు ప్రభుత్వాలూ వాటికి కేటాయింపు చూపాలి.