తల్లి ఒంటిమీద పిల్ల మొక్క

అరటికి పిలకలు మొదట్లో, నేలలోంచి వస్తాయి. ఆర్కిడ్‌ది వేరే దారి. పూలు రాలిపోయిన కాడ మీదో, ఆకులు రాలిన పాత కొమ్మ కణుపు దగ్గరో బుల్లి ఆకులతో, తెల్లటి వేళ్లతో గాలిలోనే పిల్ల మొక్క మొలుస్తుంది. దీన్ని 'కేకి' అంటారు. హవాయి భాషలో ఆ మాటకు పసిబిడ్డ అని అర్థం. మన ఇళ్లలో ఎక్కువగా పెంచే డెండ్రోబియంలో, ఫలనాప్సిస్‌లో ఇవి తరచూ కనిపిస్తుంటాయి.

పిల్ల కనిపించగానే కోసి వేరే కుండీలో పెట్టేయాలని చాలామందికి తొందర. ముందు చూడాల్సింది పిల్లను కాదు, తల్లిని. ఆరోగ్యంగా ఉన్న మొక్కకూ కేకి రావచ్చు. కానీ వేళ్లు కుళ్లి, ఇక బతకడం కష్టమనుకున్నప్పుడు కూడా ఆర్కిడ్ పిల్లలు పెడుతుంది. ఫలనాప్సిస్‌కు ఎండ వేడి ఎక్కువైతే పూమొగ్గ రావాల్సిన చోట పిల్ల రావచ్చు. అందుకని కుండీలో వేళ్లను ఒకసారి పరిశీలించండి. గట్టిగా, తెల్లగా లేదా ఆకుపచ్చగా ఉంటే భయం లేదు. గోధుమరంగుకు మారి, నొక్కితే మెత్తగా ఉంటే కుళ్లినట్టే. వాటిని కత్తిరించి, బొగ్గు, ఇటుక ముక్కలను కొత్తగా వేసి తల్లిని నాటండి. పిల్లను మాత్రం అలాగే ఉంచండి.

ఎన్నాళ్లు ఉంచాలి? దానికి రెండు మూడు ఆకులు, రెండు మూడు అంగుళాల పొడవున్న వేళ్లు నాలుగైదు వచ్చేదాకా. అంతవరకూ దాని నీరూ ఆహారమూ తల్లి నుంచే. డెండ్రోబియంలో ఆకుల్లేని పాత కొమ్మ కూడా నీటిని, ఆహారాన్ని నిల్వ ఉంచుతుంది. ఎండిపోయిందని దాన్ని తీసేయకూడదు. గాలిలో వేలాడే వేళ్లు ఎండిపోకుండా రోజూ ఉదయం నీళ్లు పిచికారీ చేస్తే చాలు. ఒకవేళ తల్లి దక్కదనిపిస్తే, పిల్ల ఉన్న కొమ్మ ముక్కను కొమ్మతోనే కోసి తీసుకోండి.

కోసేముందు బ్లేడును మంట మీద కాల్చి చల్లార్చాలి. ఆర్కిడ్ వైరస్‌లు ఒక మొక్క నుంచి మరో మొక్కకు కత్తెర ద్వారానే ఎక్కువగా పాకుతాయి. పిల్ల అచ్చం తల్లి లాంటిదే. అవే పూలు, అదే రంగు, తల్లికి వైరస్ ఉంటే అదీ వస్తుంది. ఆకులపై మచ్చలు, చారలతో అనుమానంగా ఉన్న మొక్క పిల్లలను పెంచకపోవడమే మేలు. ఫలనాప్సిస్ అయితే పిల్లకు అటూ ఇటూ అంగుళం కాడ ఉంచి కోయండి. కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దండి. వేళ్లకు తగలనివ్వకండి, అవి ఎండిపోతాయి.

నాటే ముందు వేళ్లను అరగంట నీళ్లలో ఉంచితే మెత్తబడి విరగవు. మూడంగుళాల చిల్లుల కుండీ చాలు. పెద్దదైతే తేమ నిలిచి కుళ్లుతుంది. మట్టి అసలు వద్దు. బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు వేసి, మొక్క కదలకుండా పుల్లకు కట్టండి. రెండు మూడు వారాలు నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. వేసవిలో వేడిగాలి తగలనీయకూడదు. వేళ్ల కొసలు కొత్తగా ఆకుపచ్చగా సాగాకే ఎరువు. లీటరు నీటికి అర గ్రాము 19:19:19 కలిపి పదిహేను రోజులకోసారి ఇస్తే సరిపోతుంది.

పిల్లలను పుట్టించే హార్మోన్ పేస్టులూ దొరుకుతున్నాయి. బలహీనంగా ఉన్న మొక్కకు మాత్రం వాటిని రాయకండి. ఉన్న కాస్త శక్తీ పిల్లకు పెట్టి తల్లి చచ్చిపోతుంది.

ఇక పూల సంగతి. డెండ్రోబియం పిల్ల ఒకటి రెండేళ్లలో, ఫలనాప్సిస్ పిల్ల రెండు మూడేళ్లలో పూస్తుంది. అంతదాకా ఓపిక పట్టలేకపోతే పిల్లను తల్లి మీదే వదిలేయండి. రెండూ ఒకే కుండీలో పెరుగుతాయి, పూస్తాయి కూడా.