ఇంట్లో చెక్క పని జరుగుతుంటే ఆ కట్టర్ వంక ఒకసారి చూడండి



వేసవి సెలవులంటే మన ఊళ్ళలో ఇళ్ళ పనుల కాలం కూడా. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎక్కడైనా సరే, కొత్త కాలనీల్లోకి వెళ్తే ఏదో ఒక ఇంట్లో కప్‌బోర్డులో, వంటింటి అరలో, పూజ గది తలుపులో తయారవుతూనే ఉంటాయి. గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తుంటుంది. కార్పెంటర్లు హాల్లోనే ప్లైవుడ్ షీట్లు పరిచి కోస్తుంటారు. పిల్లలకు బడి లేదు కాబట్టి వాళ్ళూ అక్కడే తిరుగుతుంటారు. అందుకే ఈ నెల ఒక మాట సూటిగా చెప్పదలచుకున్నాను. మీ హాల్లో గిర్రున తిరుగుతున్న ఆ మిషన్ చాలాసార్లు చెక్క కోయడానికి తయారుచేసింది కాదు. ఆ సంగతి కార్పెంటర్‌కి తెలుసు. పని చేయించుకుంటున్న మనకే తెలియదు.

చెక్క కోసే చేతి మిషన్‌ని సర్క్యులర్ సా అంటారు. సాధారణంగా దానికి ఏడు అంగుళాల పళ్ళ బ్లేడ్ ఉంటుంది. పై సగానికి కదలని గార్డు, కింది సగానికి స్ప్రింగ్‌తో పనిచేసే గార్డు ఉంటాయి. మిషన్ చెక్కలోకి వెళ్తుంటే కింది గార్డు దానంతట అదే వెనక్కి జరుగుతుంది. చెక్కలోంచి బయటికి రాగానే టక్కున మూసుకుంటుంది. ఆ మిషన్‌లో చేతిని కాపాడే అసలు భాగం అదే.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇది కాదు, మార్బుల్ కట్టర్. నాలుగు అంగుళాల చిన్న మిషన్, రాయి, టైల్స్ కోయడానికి చేసింది. రాయి కోసే డైమండ్ బ్లేడ్ అంచు రాపిడితో అరగదీస్తుంది, దానికి రంపపు పళ్ళు ఉండవు. అందుకే ఆ మిషన్‌కి పైన మాత్రమే కవర్ పెట్టారు, కింద స్ప్రింగ్ గార్డు లేదు. చవక, తేలిక, బ్యాగులో పట్టేస్తుంది. దాంతో డైమండ్ బ్లేడ్ తీసేసి నాలుగు అంగుళాల చెక్క బ్లేడ్ బిగించి ప్లైవుడ్ కోసేస్తారు. ఇలాంటి మిషన్లకు పళ్ళ బ్లేడ్ తగిలించొద్దని చాలా కంపెనీల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఆ మాన్యువల్ ఎవరి దగ్గరా ఉండదు, అది వేరే సంగతి. యాంగిల్ గ్రైండర్‌కి చెక్క బ్లేడ్ పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది ఇంకా ఘోరం. దానికి చెక్క మీద ఆనించి నడపడానికి అడుగు ప్లేటు కూడా ఉండదు.

లెక్క ఒకసారి చూద్దాం. పదో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన లెక్కే. సర్క్యులర్ సా బ్లేడ్ వ్యాసం దాదాపు 185 ఎంఎం, నిమిషానికి సుమారు 5,000 చుట్లు. అంటే పంటి కొన వేగం గంటకు దాదాపు 175 కిలోమీటర్లు. మార్బుల్ కట్టర్ బ్లేడ్ 110 ఎంఎం, కానీ నిమిషానికి 12,000 చుట్ల పైమాటే. పంటి కొన వేగం గంటకు 250 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 44వ నంబరు హైవే మీద పెబ్బేరు దాటి కర్నూలు వైపు పోయే ఏ బస్సూ అందులో సగం వేగం కూడా పోదు. బ్లేడ్ చిన్నది కదా అని భయం తగ్గించుకోవడానికి లేదన్నమాట.

అసలు ప్రమాదం ఎక్కడ జరుగుతుందో తెలిస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. ఈ మిషన్లలో బ్లేడ్ ముందు భాగంలో పళ్ళు కింది నుంచి పైకి కోసుకుంటూ వస్తాయి. కోత మధ్యలో చెక్క బ్లేడ్‌ని రెండు వైపులా పట్టేసిందనుకోండి, బ్లేడ్ తిరగలేదు, మోటారు ఆగదు. ఆ బలమంతా మిషన్‌నే చెక్క మీదకు ఎగదోసి, పట్టుకున్న మనిషి వైపు వెనక్కి విసిరేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. రెప్ప వేసేలోపు అయిపోతుంది. ‘నా చెయ్యి గట్టిది, పట్టుకుంటా’ అనుకోవడానికి వ్యవధి ఉండదు.

చెక్క ఎందుకు పట్టేస్తుంది? ముప్పాతిక సందర్భాలు ఏమోగానీ, మన ఇళ్ళలో కళ్ళారా కనిపించే కారణం ఒకటుంది. షీటు రెండు చివరలా రెండు స్టూళ్ళ మీదో ఇటుకల మీదో పెట్టి మధ్యలో కోస్తారు. కోత సగం దాటగానే షీటు మధ్యలో కుంగుతుంది, కోత సందు పైన మూసుకుంటుంది, బ్లేడ్ ఇరుక్కుంటుంది. దీనికి మందు చాలా చవక. షీటు కింద మొత్తం ఆనేలా నాలుగు కట్టెలు పరవాలి, కోసే గీతకు అటూ ఇటూ దగ్గరగా రెండు ఆధారాలు ఉండాలి. చివరి ముక్క కోస్తుంటే అది స్వేచ్ఛగా కిందికి జారిపోయేలా వదిలేయాలి. ఇంకో మనిషి దాన్ని చేత్తో పైకి ఎత్తి పట్టుకోవడం సాయం అనుకుంటాం. ఎత్తిపట్టినప్పుడు సందు మూసుకుంటుంది, అదే కిక్‌బ్యాక్‌కి పిలుపు. ఆ ముక్క పట్టుకోమని పిలిచేది చాలాసార్లు ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లాడినే.

బ్లేడ్ లోతు కూడా చూడండి. చెక్క మందం దాటి ఒక పన్నంత, అంటే నాలుగైదు ఎంఎం కిందికి వస్తే చాలు. చాలామంది పూర్తి లోతుకి దించేసి వదిలేస్తారు. ప్రతి షీటుకీ స్క్రూ తిప్పే ఓపిక ఉండదు. కింద ఎంత బ్లేడ్ బయటికి ఉంటే అంత బ్లేడ్ కాలికో వేలికో అందుబాటులో ఉన్నట్టే.

సరైన సర్క్యులర్ సా తెచ్చిన కార్పెంటర్ కూడా ఒక్కోసారి కింది గార్డుని పైకి లేపి బైండింగ్ వైరుతో కట్టేసి ఉంటాడు. రంపపు పొట్టు, జిగురు పేరుకుని గార్డు సరిగా జరగదు, సన్న ముక్కలు కోసేటప్పుడు అడ్డం పడుతుంది, పని నెమ్మదిస్తుంది. పని నెమ్మదిస్తే ఎవరికి నష్టం? ఇక్కడ నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. గుత్తకు మాట్లాడుకుని, చదరపు అడుగు లెక్కన బేరమాడి, ముహూర్తం లోపల ఐపోవాలని రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేది మనమే. ఆ వైరు బిగించింది కార్పెంటర్ చెయ్యే. ఆ తొందర మాత్రం మనది. పని మొదలయ్యే రోజే ‘అన్నా, గార్డు కట్టేయొద్దు, ఒక రోజు ఎక్కువైనా ఫర్వాలేదు’ అని చెప్పండి. ఆ ఒక్క రోజు కూలి ఎంతో లెక్కేసుకోండి. మీరు సన్‌మైకా రంగు మార్చుకున్నప్పుడు పెరిగే ఖర్చు కంటే తక్కువే ఉంటుంది.

ఇంటి యజమానిగా మీరు ఇంకొన్ని అడగొచ్చు, అడగాలి కూడా. వైరు చివర ప్లగ్ లేకుండా రెండు తీగలు సాకెట్లో దోపి అగ్గిపుల్లలు గుచ్చే పద్ధతి మీ ఇంట్లో వద్దని చెప్పండి. హార్డ్‌వేర్ షాపులో ప్లగ్ టాప్ కొనిస్తే ఐపోయేదానికి ప్రాణం పందెం కట్టడం దేనికి? బ్లేడ్ మార్చేటప్పుడు స్విచ్ కట్టడం కాకుండా ప్లగ్ పీకేయాలి. కొన్ని మిషన్లకు స్విచ్ నొక్కి ఉంచే లాక్ బటన్ ఉంటుంది. అది వేసి నడిపితే మిషన్ చెయ్యి జారినా ఆగదు. కోత ఐపోయాక బ్లేడ్ పూర్తిగా ఆగేదాకా నేల మీద పెట్టకూడదు. స్ప్రింగ్ గార్డు లేని కట్టర్‌ని తిరుగుతుండగానే నేల మీద పెడితే అది తనంతట తాను పాకుతుంది. లుంగీ అంచు, మెడలో తువ్వాలు, చేతికి కట్టుకున్న వదులు దారాలు దగ్గరికి రానీయకూడదు. కళ్ళద్దాలు తప్పనిసరి. ఇక దుమ్ము సంగతి. చెక్క దుమ్మునీ, ప్లైవుడ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్‌నీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో పెట్టింది. కోత వీలైనంత వరకు ఆరుబయటే పెట్టించండి. లోపలే తప్పదంటే పిల్లల్ని ఆ పూట ఇంకో గదిలోనో అమ్మమ్మగారింట్లోనో ఉంచండి.

మీ కార్పెంటర్‌కి ఒక విషయం చెప్పి పుణ్యం కట్టుకోండి. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణకు వెళ్తే రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ ఇస్తారు. ఇంకో మాట. ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకులో చేసే సురక్షా బీమా మంచిదే, కానీ పాక్షిక వైకల్యం కింద డబ్బు రావాలంటే ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక పాదమో పోవాలి. రెండు వేళ్ళు తెగిన కార్పెంటర్‌కి అందులోంచి ఏమీ రాదు. రెండు వేళ్ళు లేకపోతే చిత్రిక పట్టడం ఎలాగో మీరే ఊహించుకోండి.

జరగకూడనిది జరిగితే మొదటి పది నిమిషాల్లో చేసేది చాలా తేడా తెస్తుంది. పసుపు, కాఫీ పొడి ఏదీ వేయొద్దు. శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టి చెయ్యి గుండె కంటే పైకి ఎత్తి ఉంచండి. ఉంగరాలు తీసేయండి. 108కి ఫోన్ చేయండి. తెగిన వేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆ కవర్‌ని ఐసు, నీళ్ళు కలిపిన గిన్నెలో పెట్టండి. వేలు నేరుగా ఐసుకి గానీ నీళ్ళకి గానీ తగలకూడదు. ఆపరేషన్ చేయాల్సి రావచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. గద్వాల వాళ్ళకు కర్నూలు దగ్గర, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్ళకు హైదరాబాద్ రెండున్నర, మూడు గంటల దారి. వేలు అతికించే మైక్రోసర్జరీ అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. బయల్దేరుతూనే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక పిల్లల విషయం. మీ ఇంటికి వచ్చే కార్పెంటర్ వెంట ఒక కుర్రాడు కూడా వస్తుండవచ్చు. పదిహేనేళ్ళుంటాయి, షీట్లు మోస్తాడు, మధ్యాహ్నానికి కట్టర్ కూడా పట్టుకుంటాడు. మీ అబ్బాయి తొమ్మిదో పదో చదువుతుంటే ఇద్దరిదీ ఒకే ఈడు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణ నిషేధించింది, 14 నుంచి 18 మధ్య వాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదంది. అంతకు ముందే 1948 ఫ్యాక్టరీల చట్టం, పూర్తి శిక్షణ గానీ పర్యవేక్షణ గానీ లేకుండా కుర్రవాళ్ళను ప్రమాదకర యంత్రాల దగ్గర నిలబెట్టొద్దంది. ఆ చట్టం కింద రాసుకున్న నియమాల్లో అలాంటి యంత్రాల వరుసలో సర్క్యులర్ సాని చేర్చారు. మీ హాలు ఫ్యాక్టరీ కాదు, అక్కడికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. అందుకే ఆ మాట అనాల్సింది మీరే. ‘ఆ బాబుతో కొలతలు వేయించు, మిషన్ మాత్రం ఇవ్వకు’ అంటే కార్పెంటర్ ఏమీ అనుకోడు. కుర్రాడు బడి మానేసి వస్తున్నాడని తెలిస్తే 1098 నంబరు ఉంది. మన పిల్లల ఫీజు కట్టే ఇంట్లోనే ఇంకొకరి పిల్లాడి వేళ్ళు పోకూడదు కదా.

ఇంత చెప్పాను కదా అని పిల్లల్ని పనిముట్లకే దూరం పెట్టాలని నా ఉద్దేశం కాదు. అలా పెంచడం వల్లనే ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్న పిల్లలకు స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియడం లేదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని చూసి నేర్చుకోమంది. మంచి ఆలోచన. అయితే దేని తర్వాత ఏది అన్న వరుస ఉండాలి. గద్వాల మగ్గాల ఇళ్ళలో చూడండి, పిల్లలకు ముందు కండెలు చుట్టడం, దారం కొస పట్టుకోవడం అలవాటవుతుంది, మగ్గం గుంటలో కూర్చోవడం ఆ తర్వాతి మాట. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పెట్టిన పాలిటెక్నిక్‌ లాంటి చోట్ల కూడా వర్క్‌షాప్‌లో చెక్క పని మొదలయ్యేది చేతి రంపంతో, ఉలితోనే. కరెంటు కట్టర్ 18 ఏళ్ళు నిండేదాకా వద్దు, ఆ తర్వాత కూడా తెలిసిన మనిషి పక్కన ఉండగానే. మీ అబ్బాయి యూట్యూబ్‌లో ఎన్ని వీడియోలు చూసి ఉన్నా సరే.

సైన్స్ ఎగ్జిబిషన్ మోడళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నున్నగా కోసిన అంచులు, అద్దంలాంటి ఫినిషింగ్ చూస్తే ఆ కోత ఎవరు కోశారో టీచర్లకు తెలిసిపోతుంది. దానికి మార్కులు ఎక్కువ పడాలని నేను అనుకోను. అంచు కాస్త వంకరగా ఉన్నా పాపే కోసిన చెక్క తీసుకురానివ్వండి. హార్డ్‌వేర్ షాపులో చిన్న చేతి రంపం, రెండు సీ క్లాంపులు, నాలుగు గరుకు కాగితాలు, ఒక ట్రై స్క్వేర్ అడగండి. చెక్కను బల్లకు క్లాంపుతో బిగించాకే రంపం పట్టుకోవాలి, ఎడమ చెయ్యి గీతకు జానెడు దూరంలో ఉండాలి. పన్నెండు ఎంఎం ప్లైవుడ్ ఏడో తరగతి చేతులకు బరువు. ఆరు ఎంఎంతో మొదలుపెట్టించండి, మొదటి రోజు ఒక్క కోత చాలు.