పక్క సీటుతో సరిపెట్టొద్దు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ నగరం. ఇక్కడ ఏటా పిల్లలు ఇంజిన్ లేని కార్లతో పందెంలో పోటీపడతారు. అదే సోప్ బాక్స్ డెర్బీ. తొలి జాతీయ పోటీ 1934లో డేటన్‌లో జరిగింది, మరుసటి ఏడాది ఆక్రన్‌కు మారింది. ట్రాక్ సుమారు 989 అడుగులు. పైనుంచి వదిలితే చాలు, మిగతా పని వాలుదే.

వైకల్యమున్న పిల్లల కోసం 'సూపర్ కిడ్స్' పోటీలూ ఉన్నాయి. కారులో రెండు సీట్లు. డెర్బీలో చెయ్యి తిరిగిన కుర్రాడో అమ్మాయో స్టీరింగ్ పడితే, వైకల్యమున్న పిల్లలు పక్కన కూర్చుంటారు. మంచి పనే. కానీ చేతులు చక్కగా ఆడే పిల్లను కూడా ప్రయాణికురాలిగానే ఎందుకు ఉంచాలి?

అడ్డంకి చాలావరకు డిజైన్‌లోనే ఉంది. ఈ కార్లలో బ్రేకు సాధారణంగా కాలితో తొక్కేది. దాన్ని చేతి లివర్‌గా మార్చడానికి మహా అయితే ఒక తీగ, ఒక పిడి కావాలి. సైకిల్ షాపువాడికి కొట్టిన పిండి. కారు తొట్టి అంచు ఎత్తుగా ఉంటే పిల్లను బస్తాలా ఎత్తి లోపల దించాలి. పక్క భాగం కిందికి తెరుచుకుంటే వీల్‌చైర్ నుంచి పలక మీదుగా తనే జరగొచ్చు. నడుము నిలవని పిల్లలకు ఛాతీ పట్టీలు, తలకు ఆనిక తప్పనిసరి.

బరువు పెరుగుతుందంటారా? పందేల్లో మొత్తం బరువుకు పరిమితి ఉంటుంది. తక్కువైతే ఎలాగూ దిమ్మలు పెట్టి నింపుతారు. ఆ దిమ్మల బదులు ఈ సామాను!

నిబంధనలంటారా, అవీ మారతాయి. 1971 దాకా అక్కడ ఆడపిల్లలకే ప్రవేశం లేదు. 1975లో జాతీయ విజేత ఒక అమ్మాయి. ముందు రెండో సీటుకూ ఒక బ్రేకు లివర్ పెట్టండి.