ఫైరింజను వచ్చేలోగా...

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని సామెత. ఏటా ఏప్రిల్‌ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో సిబ్బంది చెప్పేది కూడా అదే. కాకపోతే వాళ్లు దాన్ని తిరగేసి చెబుతారు... బావి ముందే తవ్వుకోండి అని!

మామూలు రోజుల్లో ఎర్రబండి మంట ఉన్నచోటికి వస్తుంది. ఆ వారంలో మంట లేనిచోటికీ వస్తుంది. బడి ఆవరణలో, అపార్ట్‌మెంటు ముందు, ఆసుపత్రి దగ్గర, బస్టాండులో ఆగుతుంది. సిబ్బంది ఓ ఇనుప తొట్టెలో ఇంధనం పోసి మంట పెడతారు. జనంలోంచి ఒకరిని పిలిచి చేతికి ఎర్ర సిలిండరు ఇస్తారు. పిల్లలేమో ముందుకు తోసుకొస్తారు. పెద్దలేమో వెనక్కి జరుగుతారు. కాసేపు చప్పట్లు, ఓ కరపత్రం, అంతే... ఇంటికెళ్లాక ఆ కరపత్రం ఏ పాత పేపర్ల కట్టలోకో చేరిపోతుంది. నిజానికి గోడకు అంటించుకోవాల్సిన కాగితం అది.

ఆ తేదీ ఎందుకంటే...

1944 ఏప్రిల్‌ 14. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బొంబాయిలోని విక్టోరియా డాక్‌లో ‘ఫోర్ట్‌ స్టికిన్‌’ అనే ఓడ ఆగి ఉంది. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. అదే ఓడలో పత్తి బేళ్లు! మధ్యాహ్నం ఓడలోంచి పొగ రావడం మొదలైంది. అగ్నిమాపక దళం పరుగున వచ్చి గొట్టాలతో నీళ్లు కొడుతూనే ఉంది. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. ఆ తరవాత అరగంటకే మరో పేలుడు. రేవు చుట్టుపక్కల వందలమంది చనిపోయారు. మంట ఆర్పడానికి వచ్చినవాళ్లలో 66 మంది తిరిగి ఇళ్లకు వెళ్లలేదు. వాళ్ల జ్ఞాపకార్థమే ఈ వారోత్సవాలు.

మందుగుండు పక్కన పత్తి పెట్టకూడదని చెప్పడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. కానీ ఆ చిన్న జాగ్రత్త తీసుకోకపోవడం వల్లే అంత ప్రాణనష్టం. మన ఇళ్లలో మాత్రం? గ్యాస్‌ పొయ్యి పక్కనే కిరోసిన్‌ డబ్బా, దేవుడి దీపం పైన వేలాడే కర్టెను, మీటర్ల బోర్డు కింద పాత అట్టపెట్టెలు... ఎవరి ఓడ వాళ్లకుంది!

మంట కన్నా పొగే ముందు

2023 మార్చి 16న సికింద్రాబాద్‌ స్వప్నలోక్‌ కాంప్లెక్స్‌లో మంటలు రేగినప్పుడు ఆరుగురు యువతీయువకులు ప్రాణాలు కోల్పోయారు. పొగకు ఊపిరాడక చనిపోయారు. 2025 మే 18న హైదరాబాద్‌ చార్మినార్‌ దగ్గరి గుల్జార్‌హౌజ్‌లో 17 మంది చనిపోతే వాళ్లలో 8 మంది చిన్నపిల్లలు. కింద దుకాణాలు, పైన కుటుంబాల నివాసం, బయటికి రావడానికి ఇరుకు దారి. అక్కడా ఎక్కువమందిని పొట్టనపెట్టుకుంది పొగే.

సినిమాల్లో హీరో మంటల్లోంచి నిటారుగా పరుగెత్తుకొస్తాడు. అసలు ప్రమాదంలో అలా చేస్తే నాలుగు అడుగులు కూడా వేయలేరు. వేడి పొగ పైకి లేచి కప్పు కింద పేరుకుంటుంది. అందులో ఉండే కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మనిషిని మత్తులోకి దించేస్తుంది. కాస్తో కూస్తో మంచి గాలి ఉండేది నేలకు దగ్గర్లోనే. అందుకే వంగి, అవసరమైతే పాకుతూ బయటికి రావాలి. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే మసిని కొంత ఆపుతుంది కానీ విషవాయువును ఆపదు. దాన్ని నమ్ముకుని పొగలోకి వెళ్లకూడదు.

తలుపు తెరిచేముందు చేతి వెనక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవొద్దు. తలుపు మూసే ఉంచి, సందుల్లో తడిబట్టలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి కేకలేయాలి. బయటికి వెళ్లే దారి ఉంటే మెట్లమీదుగానే దిగాలి. లిఫ్టు ఎక్కితే కరెంటు పోయినప్పుడు మధ్యలోనే చిక్కుకుపోతారు. ఒకసారి బయటపడ్డాక నగల కోసమో, సెల్‌ఫోను కోసమో మళ్లీ లోపలికి వెళ్లడం మాత్రం వద్దేవద్దు.

వంటింట్లో...

మూకుడులో నూనె అంటుకుంటే చాలామంది చెయ్యి వెళ్లేది నీళ్ల చెంబు మీదికే. అదే ప్రమాదం! నీళ్లు నూనె అడుక్కి దిగి ఒక్క క్షణంలో ఆవిరైపోతాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. ఆ విసురుకి మండే నూనె వంటిల్లంతా చిమ్ముతుంది. చేయాల్సిందల్లా స్టవ్‌ కట్టేసి, మూకుడు మీద మూత పెట్టడమే. గాలి అందకపోతే మంట దానంతటదే చస్తుంది. మూకుడుని ఎత్తుకుని బయటికి పరుగెత్తకూడదు.

వంటగ్యాస్‌కు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలనే ఘాటైన వాసన వచ్చే మెర్కాప్టాన్‌ కలుపుతారు. ఈ గ్యాస్‌ గాలికన్నా బరువైంది, నేలమీదే పేరుకుంటుంది. వాసన వస్తే లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పొద్దు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, అందర్నీ బయటికి పంపి, బయటి నుంచి 1906కి ఫోన్‌ చేయాలి. అది వంటగ్యాస్‌ లీకేజీల అత్యవసర నంబరు.

సిలిండరు పైన పట్టీమీద ‘బి-27’ లాంటి గుర్తు ఎప్పుడైనా చూశారా? దాన్ని మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఎ అంటే జనవరి-మార్చి, బి అంటే ఏప్రిల్‌-జూన్‌, సి అంటే జులై-సెప్టెంబరు, డి అంటే అక్టోబరు-డిసెంబరు. అంకె సంవత్సరం. గడువు దాటిన సిలిండరు ఇస్తే తిప్పి పంపే హక్కు ఇల్లాలికి ఉంది. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి.

ఒంటికి అంటుకుంటే

చీర కొంగుకో, చున్నీకో నిప్పంటుకుంటే కంగారులో పరుగెత్తుతారు. పరుగెత్తేకొద్దీ గాలి అంది మంట పెరుగుతుంది. పిల్లలకు బడుల్లో నేర్పే మూడు మాటలు పెద్దలకూ పనికొస్తాయి... ఆగు, పడుకో, దొర్లు. పక్కనున్నవాళ్లు మందపాటి దుప్పటి కప్పాలి, నైలాన్‌ది కాదు. కాలినచోట ఇరవై నిమిషాలు కుళాయి కింద నీళ్లు పారనివ్వాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు రాయొద్దు.

మెట్లకింద బండి

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్‌ బైకుల షోరూంలో మొదలైన మంటల పొగ పైనున్న హోటల్‌ గదుల్లోకి పాకి 8 మంది చనిపోయారు. ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంటులోనూ అలాంటి బండ్లున్నాయి. వాటిని మెట్లకింద, గుమ్మానికి అడ్డంగా పెట్టి రాత్రంతా చార్జింగ్‌లో వదిలేయొద్దు. మంట వస్తే బయటికి వెళ్లే ఒక్క దారీ మూసుకుపోతుంది.

గోడకు వేలాడే ఎర్ర సిలిండరు సంగతీ చూడాలి. ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందా? వాడటం తెలుసా? పిన్ను లాగాలి, మంట మొదట్లోకి గురిపెట్టాలి, పిడి నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. చిన్న సిలిండరు సెకన్లలోనే ఖాళీ అవుతుంది. కాబట్టి అది చిన్న మంటకే. వీపు ఎప్పుడూ గుమ్మం వైపే ఉండాలి, ఆరకపోతే వెంటనే బయటపడటానికి.

ఇక 101... లేదా 112. ఫోన్‌ చేసినప్పుడు ‘మంటలు, మంటలు’ అని పెట్టేస్తే బండి ఎక్కడికి రావాలి? వీధి, దగ్గర్లోని గుడో బడో, ఏది కాలుతోంది, లోపల ఎవరున్నారు... ఇవన్నీ చెప్పాలి. ఒకరు వీధి మొదట్లో నిలబడి దారి చూపాలి. సందులో అడ్డంగా పెట్టిన కార్లు తీయించాలి.

సిబ్బంది ఎంత వేగంగా వచ్చినా ట్రాఫిక్‌ దాటుకునే రావాలి. ఈలోపు గడిచే మొదటి నిమిషాలు మాత్రం ఇంట్లోవాళ్లవే. ఈ ఆదివారం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ ఓ పావుగంట కేటాయిస్తే చాలు. బయటికి రెండో దారి ఏది? గ్రిల్లు తాళంచెవి ఎక్కడ? తాతయ్యను ఎవరు పట్టుకోవాలి? బయటపడ్డాక అందరూ ఏ చెట్టుకింద కలవాలి? ఈ నాలుగింటికీ చిన్నపిల్లలతో సహా అందరూ జవాబు చెప్పగలిగితే... ఆ ఇంట్లో బావి తవ్వడం పూర్తయినట్టే!