వెబ్‌సైట్ తెరుచుకుంటే చాలదు, పని పూర్తవ్వాలి

ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీకో, నాపరాళ్ల పాలిష్ పనికో వెళ్లే కుటుంబాలకు ఇప్పుడు సగం ఆఫీసు పనులు సెల్‌ఫోన్‌లోనే. పిల్లల స్కాలర్‌షిప్, రైలు టికెట్, హజ్ దరఖాస్తు అన్నీ ఆన్‌లైన్‌కి మారాయి. అయినా ఫారం నింపాలంటే మీసేవకో, నెట్ సెంటర్‌కో పోవాల్సి వస్తోంది. చదువు లేకపోవడమే కారణం అనుకుంటే పొరపాటు. డిగ్రీ చదివిన పిల్లలు కూడా ఫారం మధ్యలో ఆగిపోతుంటారు. చాలాసార్లు లోపం వాడేవాళ్లలో కాదు, వెబ్‌సైట్ తయారీలో ఉంటుంది.

ఉమీద్ పోర్టల్ చెప్పే పాఠం

వక్ఫ్ ఆస్తుల నమోదు కోసం కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభించింది. గడువు ఆరు నెలలు. ముతవల్లీ వివరాలు ఎక్కించాలి, వక్ఫ్ బోర్డు అధికారి సరిచూడాలి, ఆ తర్వాత మరో అధికారి ఆమోదించాలి. గడువు ముగిసేసరికి 5.17 లక్షల ఆస్తుల నమోదు మొదలైంది. ఆమోదం దొరికింది మాత్రం దాదాపు 2.16 లక్షలకే. ఇంచుమించు అన్నే ఆస్తులు పరిశీలన దశలో ఉండిపోయాయి. పోర్టల్ నెమ్మదిగా ఉందని, మధ్యలో ఆగిపోతోందని పలు రాష్ట్రాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. గడువు పొడిగించడానికి సుప్రీంకోర్టు డిసెంబర్ 1న ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది.

తప్పంతా పోర్టల్‌దే అనలేం. పాత కాగితాలు లేని మసీదులు, ఖబరస్తాన్‌లు చాలానే ఉన్నాయి. కానీ చట్టం గడువు పెట్టి ఒకే దారి చూపినప్పుడు ఆ దారి నడవడానికి వీలుగా ఉండాలి కదా. ఇక్కడ పేజీ ఆగిపోతే పోయేది గంట సమయం కాదు, ఊరి ఖబరస్తాన్ రికార్డు.

పేరు దగ్గరే మొదటి ఆటంకం

చాలా ఫారాల్లో 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గడులు ఉంటాయి. కడప వైపు షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేర్లుగా ముందే వస్తాయి. ఏది ఏ గడిలో రాయాలి? పైగా ఆధార్‌లో షేక్‌కు ఒక ఇంగ్లీషు స్పెల్లింగ్, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకొకటి, బ్యాంకు పాస్‌బుక్‌లో ఉత్త 'ఎస్‌కే' ఉంటుంది. మనిషి చూస్తే ఒకే పేరు, కంప్యూటర్‌కు మూడు పేర్లు. 'వివరాలు సరిపోలలేదు' అని వెనక్కి పంపుతుంది, ఏది సరిపోలలేదో చెప్పదు.

దీనికి పరిష్కారం ఎప్పుడో దొరికింది. పూర్తి పేరుకు ఒకే గడి పెట్టమని బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ నియమాలే చెబుతున్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో ఆ గడి పేరుతో సహా మాటల్లో చూపాలని, టైం అయిపోయే ముందు హెచ్చరించి పొడిగించుకునే అవకాశం ఇవ్వాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు అంటున్నాయి.

మన దేశంలోనూ ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి, 2023లో మూడో రూపం వచ్చింది. యాసిడ్ దాడి బాధితులు వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. ఫోన్ ముందు కళ్లు ఆర్పలేని వాళ్లు కేవైసీ ఎలా చేసుకోవాలన్నది ఆ కేసులో వచ్చిన ప్రశ్న.

మన దగ్గరే ఒక మంచి అడుగు

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో 'మన మిత్ర' వాట్సాప్ సేవ మొదలుపెట్టింది. కొత్త యాప్ అక్కర్లేదు, కొత్త పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 95523 00009కు మెసేజ్ పెడితే చాలు. జనానికి తెలిసిన చోటుకే సేవ రావడం ఇందులో మేలు. అయితే వెనకున్న రికార్డుల్లో పేర్లు కలవకపోతే వాట్సాప్‌లోనూ పని ఆగిపోతుంది. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. ఉర్దూ మాత్రమే చదవగలిగే పెద్దవాళ్లకు ఆ భాష స్క్రీన్ మీద కనిపించినప్పుడే చట్టం అక్కరకొస్తుంది.

కష్టమైన వెబ్‌సైట్‌కు ఖర్చు పేదవాడే భరిస్తాడు. సెంటర్ ఫీజు, పోయిన రోజు కూలి, పైగా తెలియని మనిషి చేతిలో ఓటీపీ. ఐదుగురు మామూలు మనుషులతో వాడించి చూస్తే ఎక్కువ లోపాలు బయటపడతాయని వెబ్ డిజైన్ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. పోర్టల్ ప్రారంభించే ముందు ఎర్రగుంట్ల లాంటి ఊళ్లో ఐదుగురిని కూర్చోబెట్టి ఫారం నింపించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అంతవరకు కుటుంబాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గడువు చివరి రోజు దాకా ఆగకుండా ముందే దరఖాస్తు చేయాలి. పిల్లల పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉండేట్టు స్కూల్లో చేర్చేటప్పుడే చూసుకోవాలి. పోర్టల్ ఆగిపోతే తేదీ, టైం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దరఖాస్తు నంబరుతో దాచుకోవాలి. రేపు అధికారి దగ్గరికి వెళ్లినా, ట్రిబ్యునల్‌కు వెళ్లినా చూపించడానికి ఆ ఆధారం ఉంటుంది.