గ్యాస్ మాత్రతో గుండెకు ముప్పా?

‘గ్యాస్ మాత్రలు రోజూ వేసుకుంటే గుండెపోటు వస్తుందట కదా డాక్టర్ గారూ?’ ఓపీలో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఇది. భయంతో మాత్రను ఉన్నట్టుండి మానేస్తున్నవారూ ఉన్నారు. ఈ అనుమానానికి మూలం మన ఒంట్లోని ఒక ఎంజైమ్.

రక్తనాళాలు బిగుసుకోకుండా కాపాడేది నైట్రిక్ ఆక్సైడ్. అర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరమే దీన్ని తయారుచేసుకుంటుంది. అయితే ప్రొటీన్లు విచ్ఛిన్నమైనప్పుడు, రూపు మారిన అర్జినైన్ కూడా కొంత విడుదలవుతుంది. దాని పేరు ఏడీఎంఏ. ఇది నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి అడ్డుపడుతుంది. దీన్ని ఎప్పటికప్పుడు విడగొట్టి వదిలించే ఎంజైమే డీడీఏహెచ్.

ఒమెప్రజోల్ తరహా మందులు ఈ ఎంజైమ్‌ను అణచివేస్తున్నాయని 2013లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. కానీ అది ప్రయోగశాలలో కణాల మీద, ఎలుకల మీద కనిపించిన ఫలితం. ఈ మందులు వాడేవారిలో గుండెపోట్లు కాస్త ఎక్కువని 2015లో రోగుల రికార్డుల విశ్లేషణ చెప్పింది. అయితే గ్యాస్ మాత్రలు వాడేవారిలో పెద్దవయసువారు, ఇతర జబ్బులున్నవారు ఎక్కువ. గుండెనొప్పినే గ్యాస్ అనుకుని మాత్ర మింగేవారూ ఉంటారు. కాబట్టి తప్పు మాత్రదేనని రికార్డులను బట్టి తేల్చలేం.

అసలు పరీక్ష 2019లో వెలువడింది. గుండె, రక్తనాళాల జబ్బులున్న 17,598 మందిలో సగం మందికి పాంటోప్రజోల్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్లు గమనించారు. గుండెపోట్లు, మరణాలు పెరగలేదు. పేగు ఇన్ఫెక్షన్లు మాత్రం 1 శాతం నుంచి 1.4 శాతానికి పెరిగాయి.

అలాగని ఏళ్ల తరబడి సొంతంగా కొనుక్కుని వాడొచ్చని కాదు. దీర్ఘకాలం వాడితే మెగ్నీషియం, బి12 తగ్గొచ్చు. అరుదుగా కిడ్నీలూ దెబ్బతినొచ్చు. క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్‌లకు దూరంగా ఉండాలి. వేరే మందు ఏది సరిపడుతుందో డాక్టర్ చెబుతారు.

గతంలో కడుపులో పుండు నుంచి రక్తస్రావమై, ఇప్పుడు ఆస్పిరిన్ వాడుతున్నవారికి గ్యాస్ మాత్ర రక్షణ కవచం. వారు సొంతంగా మానేస్తే మళ్లీ రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. మిగతావారు ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఈ మాత్ర నాకింకా అవసరమా?’ అని అడగండి.

ఇక ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. గ్యాస్ మాత్రతో గుండెకు అసలు ముప్పు ఈ ఆలస్యమే.